క్యారియర్ దిగిన భూమవ్వ

పెళ్లయిన నాటి నుంచి భూమవ్వ చోటు మొగుడి సైకిల్ వెనక క్యారియరే. కొత్త కోడలుగా బాన్సువాడకు వచ్చింది దాని మీదే. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని దవాఖానకు పోయిందీ, బిచ్కుంద అంగడి నుంచి మిరపకాయల మూటతో తిరిగొచ్చిందీ దాని మీదే. పక్కన కాలువ, ముందర ఆశన్న వీపు. ఆమె చూసిన లోకంలో సగం ఆ వీపు చాటునే ఉండిపోయింది.

ఆశన్న నీరడి. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసే మనిషి. కాలువ పారినన్నాళ్లు ఊరు దాటడానికి లేదు. యాసంగి వరి చేతికొచ్చి తూములు మూసేశాకే అతనికి తీరిక. తొంభై ఎనిమిది చలికాలంలో ఒకరోజు హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం చేసుకుంటున్న హరనాథబాబు తన అత్తగారి ఊరు భీమిలి గురించి చెప్పాడు. విశాఖపట్నం నుంచి అక్కడికి సముద్రం ఒడ్డునే రోడ్డట. ఆశన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే పెళ్లాంతో చెప్పేశాడు, ఈ ఎండాకాలం ఇద్దరం సైకిల్ మీద ఆ రోడ్డంతా తిరిగొద్దామని.

భూమవ్వకు సంతోషంతో ఆ పూట అన్నం సహించలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ రైలెక్కాలో తెలియక ముందే ఆమె దారిలో పాడవకుండా నిలవుండే కడక్ జొన్న రొట్టెలు ఎన్ని కాల్చాలో, ఏ చీర కట్టాలో తేల్చేసుకుంది.

ఇక ఆశన్న ఏర్పాట్లు ఆశన్నవి. నీళ్లు ఎక్కడ పుట్టినా చివరికి సముద్రానికే పోతాయి. నీళ్లు ఎన్నడూ ఎత్తు ఎక్కవు. కాబట్టి సముద్రం పక్కకు చేరాక రోడ్డంతా పల్లమే అయి ఉండాలి. వెనకాల భూమవ్వ కూర్చున్నా తొక్కే పనే ఉండదు, ఆపుకోవడమే కష్టం. అందుకని సైకిల్‌కు బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి వేయించాడు. ఈ లెక్క హోటల్లో చెబితే ఒక్కడూ తప్పు పట్టలేదు. తాతల నాటి నుంచి కాలువ నీళ్లతో బతికిన ఊరు మరి, ఇంకోలా ఎలా ఆలోచిస్తుంది!

తప్పు పట్టింది హరనాథబాబు భార్య కనకరత్నం. ఆమె పుట్టిందే భీమిలిలో. దారి వివరం అడుగుదామని మొగుడూ పెళ్లాం వాళ్లింటికి పోతే, ఆశన్న పల్లం లెక్క విని ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మా వైపు కొండలు సముద్రం అంచుదాకా వస్తాయన్నయ్యా. రోడ్డు వాటి మీదికెక్కి దిగుతుంది. వట్టి చేతులతో నడిచేవాళ్లే ఆగి ఆగి పోతారు.”

తెల్లారేసరికి ఈ సంగతి హోటల్‌కు చేరింది. నిన్న తలలూపిన వాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు. ఆశన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. పోవడం మానితే ఊళ్లో తలెత్తుకోలేడు. అందుకని ఒక్కడే పోతానన్నాడు.

“బరువుతోని గుట్ట ఎక్కుడు నాతోని కాదే” అన్నాడు.

ఆ మాట భూమవ్వ గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్లూ పక్కన ఉన్నాననుకుంది కాని వెనకాల బరువునై ఉన్నానని అనుకోలేదు. కళ్లు తుడుచుకుని, రొట్టెల పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“గంత బరువైతే దిగుత. సైకిల్ నేనే తొక్కుత. నేర్పు.”

రెండు రోజుల్లో మోకాళ్లు పగిలితే తనే మానుకుంటుందని ఆశన్న సరేనన్నాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా పెళ్లాన్ని ఎరగని మొగుళ్లలో అతనొకడు. భూమవ్వ చీరకు గోచీ పోసి బిగించి కట్టింది. మొదట కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కింది. తర్వాత కడ్డీ మీదుగా కాలు వేసింది. కాలువలో పడింది, లేచింది, మళ్లీ పడింది. నీరడి పెళ్లాం నీళ్ల లోతు కొలుస్తోందని నాట్లేసే ఆడవాళ్లు పాట కట్టినంత పని చేశారు. భూమవ్వ కొంగు పిండుకుని మళ్లీ ఎక్కేది.

పొలాల్లోంచి కాలువ కట్ట మీదికి ఒక నిట్టనిలువు బాట ఉంది. వడ్ల బస్తాల బండి వస్తే ఎద్దులకు సాయంగా మనుషులు వెనక నుంచి తోయాల్సిందే. రోజూ పొద్దున దాని మీద ఆమె పోరాటం. సగంలో ఆగిపోయేది, వెనక్కి జారేది. ఆశన్న మొదట్లో క్యారియర్ పట్టుకుని తోసేవాడు. ఒకనాడు చెయ్యి వదిలేశాడు, ఆమె ఆగలేదు. కట్ట మీదికెక్కి గంట కొట్టింది. కింద వరి చేలలో నవ్వులు టక్కున ఆగాయి. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక్కడే పోతానన్న మాట ఆశన్న మళ్లీ ఎత్తలేదు. యాసంగి అయిపోయింది, తూములు మూశారు. సైకిల్‌ను బస్సు మీదికెక్కించి, తర్వాత రైల్లో వేసి, ఇద్దరూ విశాఖపట్నంలో దిగారు. ఊరు దాటేదాకా చదునే. ఆశన్న తొక్కాడు, భూమవ్వ వెనక కూర్చుంది. ఆ తర్వాత కొండ మొదలైంది. ఆశన్న సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు, పళ్లు కొరికాడు. అయినా సైకిల్ అక్కడే నిలబడిపోయింది. ఇద్దరూ దిగారు. తోసుకుంటూ నడుద్దామన్నాడు రొప్పుతూ.

భూమవ్వ సైకిల్ తీసుకుంది. గోచీ మళ్లీ బిగించి ఎక్కింది.

కట్ట బాటకైతే పది తొక్కుళ్లకు అంతు కనిపించేది. ఈ రోడ్డు మలుపు తిరిగితే ఇంకో ఎత్తు. తొడలు మండాయి, నోరెండిపోయింది. దిగిపోదామని ఒక్కసారి మనసు లాగింది. అప్పుడు ఆ బరువన్న మాట గుర్తొచ్చింది. ముందు చక్రం మీంచి చూపు తిప్పకుండా తొక్కింది. తొక్కుతుంటే తొక్కుతుంటే పెడల్ హఠాత్తుగా తేలికైంది.

తలెత్తింది. కళ్ల ముందు ఏ వీపూ లేదు. ఎడమన కొండ, కుడిన ఆకాశం దాకా సముద్రం. ఎవరూ పంచిపెట్టాల్సిన పని లేని నీళ్లు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతికి దొరికింది గంట కాబట్టి అదే కొట్టింది, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

చాలాసేపటికి ఆశన్న చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చాడు. ఊపిరి తీసుకుని, అలవాటు కొద్దీ హ్యాండిల్ పట్టుకోబోయాడు. భూమవ్వ ఇవ్వలేదు.

“వెనక కూసో. ఇగ పల్లమే.”

ఆశన్న అటూ ఇటూ చూశాడు. బాన్సువాడ వాళ్లు ఎవరూ లేరు. అయినా ఒకసారి గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి ఆ క్యారియర్ మీద కూర్చున్నాడు. సైకిల్ కదిలింది. గాలి చెవుల్లో హోరెత్తింది. అతని కళ్ల ముందు పెళ్లాం వీపు తప్ప ఏమీ లేదు.

“కొత్త రబ్బర్లే ఉన్నయి, జర బ్రేక్ పట్టవే” అన్నాడు.

భూమవ్వకు వినిపించింది. పట్టలేదు.