పెద్దన్న పేరు మీద ప్రోగ్రాం

తొంభైల చివర్లో కామారెడ్డిలోని ఒక కంప్యూటర్ సెంటర్లో మేం నలుగురం కలిసి ఒక ప్రాజెక్టు చేశాం. ముగ్గురు అబ్బాయిలు టౌన్ వాళ్లే. నేనొక్కదాన్నే ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేయడం, రోజూ కొట్లాట. అది పడలేక సెంటర్లోని పెద్ద మెషీన్ మీద నేనే ఒక ఏర్పాటు చేశాను. నలుగురి ప్రోగ్రాం ఒక్కచోటే ఉంటుంది. ఎవరేం మార్చినా పాత ప్రతి పోదు, మార్చినవాళ్ల పేరు పక్కనే పడుతుంది. ఒకరు ఫైలు తీసుకుంటే దానికి తాళం పడుతుంది, వాళ్లు తిరిగి పెట్టేదాకా ఇంకొకరు మార్చలేరు. మాన్యువల్ చదివి ఇదంతా అర్థం చేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

సెంటర్ సార్ గ్రూపుకి ఒక్కటే లాగిన్ ఇస్తానన్నాడు. ఎవరి పేరు మీద అంటే, మాలో వయసులో పెద్దవాడిని చూపించారు మిగతా ఇద్దరూ. అతన్ని అందరం అన్న అనేవాళ్లం. మా దిక్కు ఉమ్మడి ఇంట్లో పొలం పట్టా పెద్దకొడుకు పేరు మీదే ఉంటుంది, ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఇక ఎవరు ఏం రాసినా అతని పేరే పడేది.

ఇంటికొచ్చి చెబితే బాపు ముఖం మాడ్చుకున్నాడు. మా పొలం అట్లాగే బాపు వాళ్లన్న, మా పెద్దబాపు పేరు మీద ఉండి ఆయన కొడుకులకు పోయింది. బాపుకు మిగిలింది చిన్న కిరాణా దుకాణం.

"పట్టా ఎవలి పేరు మీదుంటే భూమి వాళ్లదే బిడ్డా," అన్నాడు.

ఇదేమన్నా భూమా అని నవ్వాను.

ప్రాజెక్టులో ఎక్కువ పని చేసినవాళ్లకు సెంటర్లోనే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. అది రాకపోతే బస్సు పాసు బందు, చదువు బందు అని ఇంట్లో ముందే తేల్చేశారు. అందుకే ముప్పాతిక ప్రోగ్రాం నేనే రాశాను. అన్న వచ్చి, సమోసాలు తిని, సినిమా కబుర్లు చెప్పి పోయేవాడు.

పరీక్షకు వచ్చినాయన మేం నోరు విప్పకముందే మార్పులన్నీ తెర మీదికి తెప్పించాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే పేరు. ఆ లాగిన్ నలుగురం వాడామని, ఎక్కువ భాగం నేనే రాశానని చెప్పాను. ఆయన అన్న వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు.

"చెల్లె టైపింగ్ చేసింది సార్," అన్నాడు అన్న. "టైపింగ్ మంచిగనే చేస్తది."

ఉద్యోగం అతనికిచ్చారు. వాని నోట్ల మన్ను పడ అని తిట్టుకున్నాను. ఇప్పటికీ తిట్టుకుంటాను.

నెల తిరగకముందే అతను ఎల్లారెడ్డిలో బస్సు దిగి మా దుకాణం ముందు నిలబడ్డాడు. కొత్త పిల్లలకు అదే ఏర్పాటు పెట్టబోతే ఫైళ్లకు తాళాలు పడి కూర్చున్నాయట. తెల్లారి సార్‌కు చూపించకపోతే తీసేస్తారట. దానికి కావలసింది ఒక్క కమాండు. అది నా నాలుక మీదే ఉంది. బాపు అతనికి సోడా కొట్టి ఇచ్చాడు. మొత్తం తాగనిచ్చాను.

"నాకు టైపింగ్ ఒక్కటే వస్తదన్నా," అన్నాను.

అతని ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. నా కడుపు నిండింది. చివరి బస్సు ఎక్కేదాకా అరుగు మీద నిలబడి చూశాను. అతని ఉద్యోగం పోయింది, అయినా అది నాకు రాలేదు. తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన ఒక కొట్లో పనికి కుదిరాను. ఇప్పటికీ అక్కడే భూమి కాగితాల మీద పెద్దకొడుకుల పేర్లు టైపు చేస్తున్నాను.