చిన్నారావు కాలికి జాయింట్ నోట్

బిలాస్‌పూర్ యార్డులో గూడ్సు బండి పట్టాలు తప్పిందంటే, వ్యాగన్ల బాగోగులు చూసే ట్రైన్ ఎగ్జామినరు చిన్నారావుకి పండగే. తప్పెవరిదో తేల్చే జాయింట్ నోట్ మీద అన్ని శాఖలవాళ్ళూ సంతకాలు పెట్టాలి కదా! పట్టాలదన్నాడు, డ్రైవరుదన్నాడు, ఓసారి వానదన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తన వ్యాగనుదని మాత్రం ఒక్కసారీ రాయలేదు మహానుభావుడు.

ఎనభై తొమ్మిదిలో స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తప్పు గోతిదేననుకోండి. ఎముకకి స్టీలు పలక బిగించారు. మూడు నెలలకి కుట్ల దగ్గర చీము పట్టింది. పలక తీసెయ్యాలనీ, ఆలస్యమైతే కాలే దక్కదనీ డాక్టరు చెప్పాడు.

మనవాడు కాలి సంగతి వదిలేసి ఎంక్వైరీ మొదలెట్టాడు. బిల్హా నుంచి చూడ్డానికొచ్చిన బావమరిది మంచం మీద కూర్చోవడం ఒక కారణమట. చివరికి నేరం రోజూ కట్టు మార్చే భార్య కనకం మీద పడింది. గోల్ బజార్‌లో కూరలు ఏరిన చేత్తోనే కట్టు కట్టిందని క్వార్టర్లన్నిటికీ చాటాడు.

మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గాని కట్టు ముట్టని మనిషామె. కడుపు మండిపోయింది.

"తప్పు నాది కాదని తేలితే మీ సేత్తో రాసియ్యాలి. అందాకా ముట్టను" అంది.

ఇక కంపౌండరే దిక్కయ్యాడు. అతను కట్టు లాగుతుంటే చిన్నారావు కేకలు వీధి చివరికి వినబడేవి.

లేబు రిపోర్టు వచ్చింది. ఆ క్రిమి పుట్టిన దగ్గర్నుంచీ మన ఒంటి మీద కాపురముండేదేనట. చర్మం మీదున్నన్నాళ్ళూ సాధువే. లోపల ఇనుము దొరికిందా, జిగురు పరుచుకుని కూర్చుంటుంది, మందుకి లొంగదు. చిన్నారావు తొడ చర్మం మీంచి తీసిన నమూనాలోనూ అదే దొరికింది. ఆపరేషను బల్ల మీద అది లోపలికెలా జారిందో డాక్టరు చెప్పలేదు. ఆయన శాఖ ఆయనకీ ఉంది మరి.

రేపు పలక తీస్తారనగా చిన్నారావు కాగితం అడిగి, అరగంట కుస్తీ పట్టి ఒక ముక్క రాశాడు. కనకం తీసుకుని చదివింది.

'కారణం: చిన్నారావు చర్మం. ఇందులో కనకానికి గానీ చిన్నారావుకి గానీ సంబంధం లేదు.'

ఆమెకి నవ్వాగలేదు. కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

"అచ్ఛా. అయితే కట్టు మీ సర్మానికే కడతాను. మీరు అరిస్తే నాకేటీ సంబంధం లేదు" అని, సబ్బు అందుకుని కుళాయి దగ్గరకి నడిచింది.