మాది గట్టిగా మాట్లాడే ఇల్లు

ఈ సంగతి నేనే రాయాలి. రాయకపోతే మా గల్లీలో ఇప్పటికే తిరుగుతున్న కథే నిలిచిపోతుంది. మాకు ఇల్లు దొరికింది మా అన్న తెలివి వల్లనని సగంమంది అంటున్నారు, అమ్మ పోచమ్మకు మొక్కిన మొక్కు వల్లనని మిగతా సగం. పోచమ్మతో నాకు పేచీ లేదు. అన్నతో ఉంది. ఆ ఇల్లు వెతికిపెట్టిన బాట్ ప్రోగ్రామ్ రాసింది నేను. సూరత్‌లో తెలుగు మీడియం మునిసిపల్ బడిలో పదో తరగతి దాకా చదివి, ఆపైన చదువంతా లైబ్రరీ బల్ల దగ్గర చదువుకున్నదాన్ని. "ఆడపిల్ల కంప్యూటర్‌లో బిల్లులు కొడుతుంది కానీ ఇట్లాంటివి చేస్తుందా" అని మా ఎదురింటి పెద్దమ్మ నా ముందే అంది. చేస్తుంది పెద్దమ్మా. ఎట్లా చేసిందో చెబుతాను.

మేము లింబాయత్‌లో పాత బిల్డింగ్‌లో మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ఆ బిల్డింగ్‌ను యజమాని బిల్డర్‌కు అప్పగించాడు. దీపావళి సెలవులకు ముందే ఖాళీ చేయాలన్నాడు. మా బాపు చిన్నప్పుడు మా తాత వెంట ఈ ఊరికి వచ్చి, మీసం రాకముందే పవర్‌లూమ్ షెడ్డులో నిలబడ్డవాడు. మోకాళ్లు అరిగిపోయాయి, చెవులు అంతకుముందే పోయాయి. మా మూడంతస్తులు గోడ పట్టుకుని ఎట్లాగో ఎక్కుతున్నాడు, ఇక మీదట ఆయనకు కింది అంతస్తు ఇల్లే కావాలి. అలాంటి ఇల్లు మా బస్తీలో దొరకలేదు. బస్తీ దాటితే ఏజెంట్లు మొదట అడిగేది మా జీతం కాదు, మా వంట.

అన్న ఒక ఉపాయం చెప్పాడు. బాపును సిరిసిల్లలో పెదనాన్న కొడుకుల దగ్గరికి పంపేద్దాం, మిగతావాళ్లం ఎక్కడ దొరికితే అక్కడ సర్దుకుందాం అని. బాపుకు ఆ ఊళ్లో పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఆయన స్నేహితులు, ఆయన చాయ్ బండి, ఆయన తగాదాలు, అన్నీ ఇక్కడే. పంపనని నేనన్నాను. అయితే నువ్వే ఇల్లు తీసుకురా అన్నాడు అన్న.

ఇళ్ల ప్రకటనలు ఫోన్‌లో వస్తాయి. కింది అంతస్తు ఇల్లు పొద్దున కనబడితే మధ్యాహ్నానికి పోతుంది. నేను పనిచేసే చీరల దుకాణంలో సేఠ్ మా ఫోన్లన్నీ సొరుగులో పెట్టిస్తాడు. సాయంత్రం సొరుగు తెరిచేసరికి నాకు మిగిలేవి ఎవరికీ అక్కర్లేని ఇళ్లు. నేను చూడలేనప్పుడు నా బదులు చూసేది ఒకటి కావాలి. అలాంటిదాని పేరు నేను ఒక పుస్తకంలో చదివే ఉన్నాను. విసుగు పుట్టించే పనిని మన బదులు మళ్లీ మళ్లీ చేసే చిన్న ప్రోగ్రామ్, బాట్.

లైబ్రరీలో ఉన్న ప్రోగ్రామింగ్ పుస్తకం పాతది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏదీ నడవలేదు. ఎందుకు నడవలేదో తెలుసుకోవడానికి ఇంకో పుస్తకం, దాని కోసం ఇంగ్లిష్ డిక్షనరీ. ఒక ఆదివారమంతా ఒక కామా కోసం వెతికాను. కాలేజీకి పోయినవాళ్లకు ఇది చిన్న విషయమేమో. నాకు కాదు, చిన్నదని ఒప్పుకోను కూడా. ఏ వెబ్‌సైట్ బాట్లు వద్దని రాసుకుందో దాన్ని వదిలేశాను. మిగతావాటిని నా బాట్, సొరుగులో ఉన్న ఫోన్‌లోంచే, నెమ్మదిగా, వాళ్లకు భారం కాకుండా చూసేది. గుజరాతీలో రాసినా, హిందీలో రాసినా "కింది అంతస్తు" అన్న మాట కనబడితే చాలు, యజమానికి నా పేరుతో ఒక సందేశం పంపేది. ఇల్లు చూడటానికి ఎప్పుడు రమ్మంటారని.

మొదటి వారంలోనే పిలుపు వచ్చింది. కతర్‌గామ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో వెలుతురున్న ఇల్లు, ముందు చిన్న అరుగు. అందరికంటే ముందు అడిగింది మీరే అన్నాడు ఏజెంట్. ఆదివారం నలుగురం వెళ్లాం.

అక్కడ మేము ఏం తప్పు చేశామో మాకు అప్పుడు తెలియలేదు. బాపు వంటింట్లో నిలబడి బియ్యం డ్రమ్ము ఎక్కడ పెడదామని అడిగాడు. అమ్మ ముందు గదిలోంచి జవాబు చెప్పింది. కాదు, తలుపు వెనక పెడదామని అన్న వెనక వరండాలోంచి అన్నాడు. నేనూ ఒక మాట వేశాను. ఎప్పుడూ మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నాం. తిరిగి చూస్తే యజమాని భార్య గుమ్మంలో బిగుసుకుపోయి ఉంది, పై బాల్కనీల నుంచి జనం తొంగిచూస్తున్నారు. బయటికి వచ్చాక ఏజెంట్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇల్లు చూడ్డానికొచ్చి కూడా కొట్టుకుంటారా బెన్?" అన్నాడు, గుజరాతీలో బెన్ అంటే అక్క. 

బియ్యం డ్రమ్ము గురించి అని చెబితే నమ్మలేదు. మగ్గాలు నడిచే షెడ్డులో పక్కన నిలబడ్డవాడికి చెప్పాలన్నా అరవాలి. ఆ అరుపు మగవాళ్లు ఇంటికి తెస్తారు, వాళ్లకు వినబడాలని ఆడవాళ్లు అరుస్తారు, ఆ మాటల మధ్య పిల్లలు పెరుగుతారు. మా బస్తీలో అందరూ అంతే కాబట్టి అది అరుపని మాలో ఎవరికీ తెలియదు. మా ఇళ్లలో గుసగుస నేర్పేవాళ్లు ఉండరు.

ఆ రాత్రి అన్నం దగ్గర అన్న మొదలుపెట్టాడు. వచ్చేసారి బాపును తీసుకుపోవద్దు, ఇంట్లో ముగ్గురమే అని చెబుదాం, మాంసం ముట్టమని చెబుదాం. "ఇల్లు చేతికొచ్చేదాంక జర నోర్లు మూసుకుందాం" అన్నాడు.

బాపుకు అరిస్తే తప్ప వినబడదు కానీ పెదాలు చదువుతాడు. షెడ్డులో అందరికీ వచ్చే విద్యే అది. ముద్ద పళ్లెంలో పెట్టి అన్నను చూశాడు.

"ఇల్లు దొరికినంక నన్నేడ దాస్తరు బిడ్డా, అటక మీదనా?"

అన్న తల దించుకున్నాడు. నేను తిన్న పళ్లెం కడిగి, బాట్ పంపే సందేశం మార్చి రాశాను. మాది పవర్‌లూమ్ పనివాళ్ల కుటుంబం. మా నాన్నకు మగ్గాల మోతతో చెవులు పోయాయి. ఆయన మాతోనే ఉంటారు. అందువల్ల మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం, అది కొట్లాట కాదు. ఆదివారాలు మాంసం తింటాం. ఇవన్నీ మీకు సరేనంటే ఇల్లు చూడటానికి వస్తాం.

అన్న చదివి ఫోన్ నా ఒళ్లో పడేశాడు. "ఇది ఇల్లడుగుడా, కొట్లాటకు పిలుసుడానే?"

"రెండూ" అన్నాను.

అమ్మ నాకు సాయం వస్తుందనుకున్నాను. చదివించుకుని విని, "ఆదివారం అనే ఎందుకు రాసినవే? బుధవారం గూడ తింటం గదా. నిజం రాస్తే మొత్తం రాయాలె" అంది. బుధవారం కూడా చేర్చాను.

ఆ తర్వాత బాట్ ఎన్ని ఇళ్లకు పంపినా మౌనమే. ఒకాయన తిడుతూ జవాబిచ్చాడు. ఇంకొకాయన ముందే చెప్పినందుకు సంతోషం, వేరే చోట చూసుకోండన్నాడు. బిల్డర్ మనుషులు వచ్చి మెట్ల కొలతలు తీసుకుపోయారు. అన్న ఊరికి వెళ్లే రైళ్లు చూడటం మొదలుపెట్టాడు. కనీసం మాంసం మాటైనా తీసేయమని దుకాణంలో తోటి అమ్మాయి చెప్పింది. తీయలేదు. అబద్ధంతో అద్దెకు తీసుకున్న ఇంట్లో బాపు ప్రతి పూటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాలి. అలాంటి ఇల్లు దొరకడం, ఆయన్ని ఊరికి పంపడం, నాకు రెండూ ఒకటే.

ఒక సాయంత్రం సొరుగులోంచి ఫోన్ తీస్తే ఒక ముసలామె గొంతుతో సందేశం ఉంది. గుజరాతీలో ఒకే ప్రశ్న. ఎంత గట్టిగా మాట్లాడతారు?

ఆమె ఇల్లు ఉధనా దగ్గర. పై అంతస్తులో ఆమె, కింద ఖాళీ. పక్క గోడకు ఆనుకుని ఎంబ్రాయిడరీ కార్ఖానా. లోపల అడుగుపెట్టగానే ఆ మెషిన్ల మోత అరికాళ్లకు తగిలింది. అద్దెకు వచ్చినవాళ్లంతా ఈ మోతకే పారిపోతున్నారట. ఆమె కూడా మాతో అరిచే మాట్లాడింది. బాపు ఇల్లంతా తిరిగి గుమ్మం మీద కూర్చున్నాడు, కాళ్లు చాపుకుని. బాగుందనో బాగాలేదనో అనలేదు. లేవలేదు, అంతే.

గుజరాతీలు పెద్దావిడను బా అంటారు, మేమూ అలాగే పిలిచాం. బా ఒక్క షరతు పెట్టింది. తాను శ్రావణమాసం ఉపవాసాలుంటుంది, ఆ నెలలో మాంసం వండితే వంటింటి కిటికీ మూసుకోవాలి. అన్న వెంటనే సరే సరే అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి చూశాను. ఉన్నది ఒకటే కిటికీ. అది మూస్తే పొయ్యి ముందు అమ్మకు ఊపిరాడదు.

మూయలేమని చెప్పాను. అన్న నా కాలు తొక్కాడు. ఇన్ని రోజులు నిజం రాసి పంపి, గడప దగ్గర అబద్ధమాడటానికి నేను ఇక్కడిదాకా రాలేదు. చేయలేనిదాన్ని చేస్తామని చెప్పం బా, అన్నాను.

బా మా ఇద్దరికీ కలిపి చెప్పింది. "సరే, తెరుచుకునే వండుకోండి. వండే ముందు ఒక కేక వేయండి. నా కిటికీ నేనే మూసుకుంటాను. కేకలు వేయడం మీకు కష్టం కాదుగా."

దీపావళి ముందే మారాం. బాపు మాతోనే ఉన్నాడు. అన్న ఏ రైలు టికెట్టూ కొనలేదు.

సాయం చేసినవాళ్ల పేర్లన్నీ ఇక్కడ రాయాలనే అనుకున్నాను. అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. కాబట్టి పేర్లు లేకుండా, వాళ్లకు తెలిసేలా కృతజ్ఞత చెబుతాను. గడువు దాటినా ఆ పాత పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చి, ఎందుకని అడగని లైబ్రరీ మేడమ్‌కు. సేఠ్ చూడకుండా సొరుగు తెరిచి నా ఫోన్ చూసిపెట్టిన దుకాణం అమ్మాయికి. గుజరాతీ సందేశంలో నా తప్పులు దిద్దిన పక్కింటి చిన్నమ్మకు. బుధవారం చేర్పించిన అమ్మకు. మూడంతస్తులూ బియ్యం డ్రమ్ము భుజాన మోసి దించిన అన్నకు, బాట్ తనదని చెప్పుకోవడం మానేస్తే. కిటికీ మూసుకునే బాకు. చదవకుండానే మమ్మల్ని వద్దన్నవాళ్లకు ఏమీ లేదు.

నీ గురించి కూడా ఉందని బాపుకు కాగితం చూపించాను. అక్షరాలు కనబడటం లేదు, చెప్పు అన్నాడు. ఆయనకు వినబడేలా చెప్పాను. ఆ కేక విని, ఏం వండుతున్నారని బా పైనుంచి అడిగింది.