టేబుల్ ఫ్యాను ముందు పాడిన పాట

ఎనభైల్లో ఢిల్లీలో ఒక పాప్ పాటతో, ఒక టేబుల్ ఫ్యానుతో చర్చి మొత్తం చేతా ప్రార్థన మధ్యలో కళ్లు తెరిపించిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు భూమి చీలితే బావుండునని చెప్పుల కింద వెతుక్కున్నాను.

అప్పట్లో సరోజినీ నగర్‌లో అక్కాబావల సర్కారీ క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. పేరుకు సివిల్స్ చదువు, చేసేది సంగీతం. నా దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉండేది. మీట నొక్కితే డ్రమ్ములు అదే వాయించుకునేది. దాన్ని చూసుకుని, దేశంలో పాప్ సంగీతమంతా నా కోసమే ఆగి ఉందని నమ్మాను. చిక్కల్లా గొంతుతోనే. నేను పాడితే పక్క క్వార్టర్ వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. కాబట్టి అతిథి గాయని కావలసి వచ్చింది.

అక్క దగ్గరికి వచ్చిపోయే సుగుణ గుర్తొచ్చింది. బాపట్ల వైపు పిల్ల, నర్సు ట్రైనింగులో ఉండేది. వాళ్లమ్మ పెద్ద నర్సు, పైగా తెలుగు చర్చిలో పాటల బృందానికి నాయకురాలు. ఆ క్రిస్మస్‌కు సుగుణ మొదటిసారి ఒంటరిగా పాడబోతోంది.

"డిస్కో పాట పాడానని మా అమ్మకి తెలిస్తే నా సోలో పోద్దండి. ఎన్నాళ్లనుంచో దానికోసమే చూస్తున్నా," అంది.

"నీ గొంతు నువ్వే గుర్తుపట్టలేకుండా చేస్తాను," అని మాటిచ్చాను.

పెళ్లిళ్లకు మైకులు అద్దెకిచ్చే సర్దార్జీని బతిమాలి ఎకో పెట్టె తెచ్చాను. అది ప్రతి మాటనూ నాలుగైదుసార్లు తిరిగి పలికేది. అది చాలక టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను. ఫ్యానుకు ఇవతల సుగుణ, అవతల మైకు. తిరిగే ఫ్యాను ముందు నోరు పెట్టి "ఆ" అని చిన్నప్పుడు మీరూ అరిచే ఉంటారు. అదే శాస్త్రం. కాకపోతే అది డిసెంబరు.

"చలికాలంలో ఫ్యానేంట్రా? ఆ పిల్ల బిగుసుకుపోద్ది," అంది అక్క వంటింట్లోంచి.

"ఇది ఎఫెక్ట్ అక్కా."

"అచ్ఛా. జ్వరమొస్తే తెలుస్తదిలే నీ ఎఫెక్టు."

సుగుణ శాలువా కప్పుకుని, మఫ్లరు చుట్టుకుని పాడింది. చివరి చరణం అయిపోతుండగా బావ ఆఫీసు నుంచి వచ్చాడు. తలుపు దగ్గరే మైకు.

"ఏరా సూర్యం, పాలు తెచ్చావా?"

పాల బూత్‌కు వెళ్లడం మరిచేపోయాను. అది వేరే గొడవ. మళ్లీ పాడమంటే సుగుణ పళ్లు టకటకలాడిస్తూ తల అడ్డంగా ఊపింది. సరే, బావ ముక్క తర్వాత చెరిపేద్దాంలే అనుకున్నాను.

అసలు తెలివి ఇప్పుడు చూడండి. చర్చిలో హార్మోనియం వాయించే ఆయన ఊరెళ్లడంతో, సుగుణ సోలోకు సంగీతం కాసెట్‌లో చేసిమ్మని పాస్టరు గారు నన్నడిగారు. ఒక వైపు అది చేశాను. ఇంకో కాసెట్ ఎందుకులే అని, రెండో వైపు మా డిస్కో ఎక్కించాను. మా ఇంట్లో టేపు రికార్డరు ఒక వైపు అయిపోగానే ఆగిపోయేది. చేత్తో తిప్పి పెడితేనే రెండో వైపు. లోకంలో అన్నీ అంతేననుకున్నాను.

చర్చికి ఎవరో కువైట్ నుంచి కొత్త యంత్రం తెచ్చిచ్చారని, అది దానంతటదే రెండో వైపుకు మారుతుందని నాకేం తెలుసు?

క్రిస్మస్‌కు ముందు ఆదివారం. అక్కాబావలతో నేనూ వెళ్లి కూర్చున్నాను. నా కాసెట్ పెట్టి అందరి ముందూ సుగుణ ఒకసారి పాడి చూసుకుంది. చక్కగా పాడింది. తర్వాత పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన బాపట్లలో బయల్దేరి, ఢిల్లీ ఆసుపత్రులన్నీ తిరిగి, కువైట్ దాకా వెళ్లేది. అందరూ కళ్లు మూసుకున్నారు. టేపు ఆపడం మాత్రం మరిచారు.

టక్ మని చప్పుడు. ఆ వెంటనే ధుంచిక్, ధుంచిక్.

ఆపైన పాట. జలుబు చేసిన మేకపిల్ల రైలు కిటికీలోంచి పాడినట్టుంది. సుగుణ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పక్కనే వాళ్లమ్మ కళ్లు తెరిచి చెవి రిక్కించింది. నేను జనాన్ని తొక్కుకుంటూ యంత్రం దగ్గరికి చేరేసరికి పాట చివరి చరణంలోకి వచ్చేసింది. ఏదో మీట నొక్కాను. శబ్దం రెట్టింపైంది. సరిగ్గా అప్పుడే,

"ఏరా సూర్యం, పాలు తెచ్చావా... తెచ్చావా... చ్చావా... వా..."

బావ గొంతుకు ఫ్యాను అడ్డం లేదుగా, గంట కొట్టినట్టు మోగింది. చర్చి చర్చంతా నావైపు తిరిగింది.

"అది నా గొంతే," అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే.

పాస్టరు గారు "ప్రార్థన అయ్యాక తెద్దువులే నాయనా," అని ఆమెన్ చెప్పేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ అందుకున్నారు.

సుగుణ వాళ్లమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు బాబూ పాడింది?"

సుగుణ వైపు చూశాను. కళ్లనిండా నీళ్లు.

"నేనేనండి," అన్నాను.

"మగపిల్లాడివి, ఆడపిల్ల గొంతుతో పాటలు నీకెందుకయ్యా?" అని, కూతురి వైపు తిరిగింది. "చూశావా సుగుణా, సాధన చెయ్యకపోతే గొంతు ఇట్టా తయారవుద్ది."

"అలాగేనమ్మా," అంది సుగుణ తల వంచుకుని.

గుండెల మీంచి రోడ్డు రోలరు దిగిపోయినట్టయింది. కన్నతల్లే గుర్తుపట్టలేదంటే నా ఎఫెక్ట్ ఎంత గొప్పదో మీరే చెప్పండి. క్రిస్మస్‌నాడు సుగుణ సోలో దివ్యంగా పాడింది. నేను మాత్రం, పాడైపోయిన గొంతు బాగుపడాలని వాళ్లమ్మ పంపిన చేదు దగ్గుమందు, అక్క కాపలాలో సీసా అడుగంటేదాకా తాగాను.

ఆ మందు సాక్షిగా, కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెవరి గొంతూ మార్చను. మార్చవలసి వస్తే, ముందు పాలు తెచ్చి మరీ మారుస్తాను.