తలపాగా చుట్టిన రోజు

ఏలూరు బజారులో అరుగు మీద కుట్టుపని చేసుకునేవాణ్ణి. కొల్లేటి చేపల బుట్టలు పైన వేసుకుని తాడేపల్లిగూడెం పోయే బస్సొకటి ఒకనాడు రోడ్డు వదిలి నా అరుగెక్కింది. కుడిపాదం నలిగిపోయింది. ఎడమకాలు ఒక్కదానితో మిషను తొక్కడం నావల్ల కాలేదు.

తోలుతున్నది బస్సు యజమానే. దెందులూరాయన. దావా వేస్తే కోర్టు నాకు నష్టపరిహారం డిక్రీ ఇచ్చింది. ఆ డబ్బు వస్తే చేత్తో తిప్పే మిషను కొనుక్కుని మళ్లీ పనిలో కూర్చోవచ్చు. పైసా ఇవ్వకముందే ఆయన జ్వరంతో పోయాడు.

"మనిషే పోయాక ఆ కాగితం ఎందుకండీ, పొయ్యిలో పెట్టక!" అంది నా భార్య. బజారులో అందరిదీ అదే మాట.

నేను బడికి వెళ్లింది మూడేళ్లే. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీద అబ్బిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. కర్ర ఊతంతో అక్కడికే వెళ్లి సివిల్ ప్రొసీజరు చట్టం తెలుగులో ఉన్నది అడిగాను. రెండు రోజులు చదివితే యాభయ్యో సెక్షనులో దొరికింది: పోయినవాడి ఆస్తి వారసుడి చేతికి ఎంత వచ్చిందో, అంతమేరకు ఆ వారసుడు డిక్రీకి బాధ్యుడు. కాగితం మీద రాసుకుని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను.

"అయితే ఇవాళే వెళ్లండి. ఈలోగా బస్సు ఎవరికో అమ్మేసి చింతలపూడి దాటించేస్తారు" అంది నా భార్య.

"మైలలో ఉన్న ఇంటికెళ్లి డబ్బు అడగమంటావా?"

"మీ మర్యాద మిషను తొక్కుతుందేమిటి?"

అయినా పెద్దకర్మ దాకా ఆగాను. ఆ రోజు వెళ్లి అందరితోపాటు పంక్తిలో భోంచేశాను. డిక్రీ ఊసెత్తలేదు. భోజనాలయ్యాక పోయినాయన కొడుక్కి మేనమామ తలపాగా చుట్టి, బస్సు ముందు దూర్చి తిప్పే ఇనప హ్యాండిలు చేతికిచ్చి, "ఇక నాన్నగారి బస్సు నువ్వే నడపాలిరా" అన్నాడు. పంక్తిలో తిన్న ఊరంతా చూసింది. నేనూ చూశాను.

నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లాను.

"నాన్నగారితోనే పోయిందండీ ఆ కేసు. నేనేం మిమ్మల్ని గుద్దలేదు కదా!" అన్నాడు కొడుకు.

"మిమ్మల్ని అడగడం లేదండీ. మీ నాన్నగారి బస్సును అడుగుతున్నాను."

"బస్సు నాదండీ."

"ఎప్పటినుంచండీ?"

నేను కాగితం తీసి సెక్షను చదివాను.

"ఓహో, ప్లీడరుగారు! లైబ్రరీలో పట్టా కూడా ఇస్తున్నారా?"

తలుపు చాటునుంచి వాళ్లమ్మ గొంతు వినబడింది. "వెటకారం ఆపరా. ఆయన ఆ రోజే నలుగురిలో అడిగి ఉంటే నీ తలపాగా ఏమయ్యేది? బస్సు తీసుకున్నవాడివి, దాని బాకీ కూడా తీసుకో."

చివరికి అతను, "ఒకేసారి ఇవ్వలేనండీ. పంటలయ్యేలోగా రెండు విడతల్లో కోర్టులో కట్టేస్తాను" అన్నాడు. అన్నట్టే కట్టాడు.

చేతిమిషను తాడేపల్లిగూడెంలో దొరికింది. ఆ బస్సు మీదే తెచ్చుకున్నాను. అతనే పైకెక్కి, చేపల బుట్టలు పక్కకు జరిపి, దాన్ని తాడేసి కట్టాడు. మిషనుకు కిరాయి పుచ్చుకోలేదు. నా టిక్కెట్టు డబ్బులు మాత్రం వసూలు చేశాడు.