మా నాయన కుదిర్చిన రీమ్యాపు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతం పడిన మెసేజీని రెండుసార్లు చదువుకునే ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం నాకు చేతనయ్యేది కాదు. మా నాయన ముందైతే అసలే కాదు. ఆయన ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. నేను మూడు నెలలు ఫోనులో కార్ల వీడియోలు చూసినవాణ్ణి. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసన్న విషయంలో నాకు ఏ సందేహమూ ఉండేది కాదు.

మా ఇల్లు హిందూపురంలో, ఆఫీసు ధర్మవరంలో. రోజూ పోయి రావడానికని సెకండ్‌హ్యాండులో ఒక టర్బో పెట్రోలు కారు కొన్నాను. చూపులకు పెళ్లికొడుకులా ఉండేది గానీ తక్కువ వేగంలో లాగేది కాదు. స్పీడ్ బ్రేకరు దాటి కాలు నొక్కితే కాసేపు ఆలోచించేది (నిద్రలేపిన మా అవ్వలాగా), ఆ తర్వాత ఒక్కసారిగా ఉరికేది. టర్బో అందుకునేదాకా ఇంతేనని, ఇంజనును నడిపించే కంప్యూటరులో లెక్కలు మారిస్తే, అంటే రీమ్యాపు చేయిస్తే, సర్దుకుంటుందని వీడియోల్లో చెప్పారు. నాయన మాత్రం "గేరు తగ్గించురా, అదే లాగుతాది" అనేవాడు. "ఇది బస్సు కాదు నాయనా" అనేవాణ్ణి. ఆ మాట ఎంత ఠీవిగా అనేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మా ఊళ్లో బెంగళూరులో పని నేర్చుకొచ్చిన మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. చేతిలో పానా కన్నా లాప్‌టాపే ఎక్కువగా కనిపించేది కాబట్టి అందరూ లాప్‌టాప్ మామ అనేవాళ్లు. ఆయన స్టీరింగు కింద వైరు తగిలించి, "రోజూ తిరిగేదానికా, ఉరికించేదానికా?" అని అడిగాడు. నేను వెళ్లిందే రోజూ తిరగడానికి. కానీ పక్కన మా ఆఫీసు మిత్రుడు నిలబడి ఉన్నాడు. "ఎంత పవరొస్తే అంత పెట్టు మామా" అన్నాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "నీ కారు, నీ ఇష్టమప్పా. పాత లెక్కల ఫైలు నా కాడ దాచిపెడతాలే" అన్నాడు. అందులోని హెచ్చరిక నాకు వినిపించలేదు.

ఆ ఆదివారమే ధర్మవరంలో మా చిన్నత్త ఇంట్లో గృహప్రవేశం. నాయన కొత్త తెల్లచొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అవ్వ, అవ్వ ఒళ్లో నేతి క్యాను. "బెల్టు పెట్టుకో అవ్వా" అంటే, "నేనేమన్నా గొడ్డునా, కట్టేసేదానికి?" అంది. నాయన గదిమితే కట్టుకుంది. క్యాను మూత సంగతి మాత్రం ఎవరమూ అడగలేదు.

సోమందేపల్లి దాటాక ముందు ఒక ట్రాక్టరు, దాని నిండా పశువుల మేతకు తోలే శనక్కాయ కట్టె. "వాని ఎనకాల్నే పో. తొందరేముండాది?" అన్నాడు నాయన. నేను కాలు నొక్కాను. కారు ఎప్పటిలాగే ఆలోచించింది. ఇంకాస్త నొక్కాను. అంతే! వెనక నుంచి ఎద్దు కుమ్మినట్టు కారు ఎగిరి దూకింది. గబుక్కున బ్రేకు తొక్కాను. కారు ఆగింది గానీ నెయ్యి ఆగలేదు. నాయన నెత్తి మీదుగా, చెవుల వెంట, కొత్త చొక్కా లోపలికి నిదానంగా దిగింది.

"ఒరేయ్, దీనికి దయ్యం పట్టిండాదిరా!" అని అవ్వ అరిచింది. నాయన అరచేత్తో మొహం మీది నెయ్యి తుడుచుకున్నాడు. పెనుకొండ రాగానే "ఆపు" అన్నాడు. దిగి, అవ్వ చెయ్యి పట్టుకుని బస్టాండులోకి నడిచాడు. నేను వెంటపడితే, "మేము బస్సులో పోతాం. నువ్వు నిదానంగా రా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను సీట్లు తుడుచుకుని ధర్మవరం చేరేసరికి వాళ్లు భోజనాల వరసలో ఉన్నారు. ఆ నేతి వాసనకు హోమం దగ్గర నాయనే కూర్చున్నాడనుకుని ఇద్దరు ముగ్గురు ఆయన కాళ్లకు దండం కూడా పెట్టారట.

ఆ తర్వాత ఐదు రోజులు నాయన నాతో మాట్లాడలేదు. ఆరో రోజు మామ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నువ్వు మొదులే నిజం చెప్పింటే అయిపోతాండె గదప్పా. మీ నాయన్ను పిలుచుకొని రా. బండి యాడ లాగదో ఆయనకైతే తెలుస్తాది" అన్నాడు.

నాయన ముందు ఒప్పుకోలేదు. "ఈసారి నూనెలో ముంచుతావా?" అన్నాడు. ఐదు రోజుల తర్వాత మొదటి మాట అదే కాబట్టి నాకు పాయసం తాగినట్టయింది. "తప్పయింది నాయనా. నాకు తెలీలేదు" అన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

నాయన స్టీరింగు పట్టాడు, మామ పక్కన లాప్‌టాపుతో కూర్చున్నాడు, నేను వెనక. "ఈడ లాగదప్పా" అనేవాడు నాయన. మామ కారు ఆపించి, లెక్కలు మార్చి, "ఇప్పుడు చూడన్నా" అనేవాడు. "లాగుతాండాది గానీ ఉలుకుతాండాది." మళ్లీ ఆపడం, మళ్లీ మార్చడం. పై వేగంలో పవరు తగ్గించి, కింది వేగంలో లాగే బలం, అదే టార్కు, పెంచి, నాలుగోసారికి కుదిర్చారు. ఎదురుగా ఉన్న ఎత్తు ఎక్కుతూ, గేరు మార్చకుండానే, కారు ముందు పోతున్న ఎద్దులబండి వేగానికి దిగి మళ్లీ మెత్తగా అందుకుంది. నాయన అద్దంలో నన్ను చూశాడు. "దీని తప్పేం లేదురా. నువ్వు అడిగిందే తప్పు" అన్నాడు. కోపంగా కాదు.

ఇంతకీ ఆ కారును నేను నడిపింది ఇంకో వారమే. "ఇట్లియ్యి, చూద్దాం" అని తాళం తీసుకున్న నాయన మళ్లీ ఇవ్వలేదు. అవ్వను ఎక్కించుకుని రొళ్ల దాకా చుట్టాలందరి ఇళ్లకూ తిరిగాడు. నేను ధర్మవరానికి రైల్లో పోయేవాణ్ణి. పక్కసీటువాళ్లు కార్ల మాట ఎత్తితే చాలు, "మేము కింద టార్కు పెంచి మ్యాపు చేశాం" అని పెనుకొండ దాటేదాకా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ "మేము"లో నా వంతు వెనక సీట్లో కూర్చోవడమేనని ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో నేనైన ఆ కుర్రవాడు ఇప్పుడు రైల్లో నా ఎదురుగా కూర్చుంటే నేనేమీ అనను. కిటికీ పక్క సీటిచ్చి, చెప్పేదంతా చెప్పనిస్తాను.