ఒయ్‌షాను కూర్చోబెట్టిన ఏడు

కువా ఊళ్ళో ఒయ్‌షాను ఎరగనివాళ్ళు లేరు. చంకన పిల్లలుండగానే మొగుడు పోయాడు. పగలంతా సమష్టి పొలంలో పత్తి ఏరి, పొద్దుగూకాక పెరట్లో దానిమ్మలు సాకి, కొడుకునీ ఇద్దరు కూతుళ్ళనీ ఒడ్డున పడేసింది. తర్వాత సర్కారు ఆ సమష్టి భూములు ఇంటింటికీ పంచినప్పుడు ఆమె వంతుకు రాళ్ళచెలక వచ్చింది. దాన్నే తోట చేసింది. పలావులో ఉప్పు మొదలు పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఆ ఇంట్లో ఆమె మాటే మాట. నోరు కాస్త పెద్దది. కోడలు నిగోరా మొదట్లో చాటుగా ఏడ్చేది, పోనుపోను ఎదురుచెప్పి నవ్వించడం నేర్చుకుంది.

అక్కడి చలికి దానిమ్మ తట్టుకోదు. ఆకు రాలగానే కొమ్మలు వంచికట్టి చెట్టంతా మట్టితో కప్పాలి, చలి తగ్గాక మళ్ళీ తవ్వితియ్యాలి. ఏటా మొదటి పార వేసేది ఒయ్‌షానే.

డెబ్భై దాటాక, ఆ కప్పే రోజుల్లోనే, కాలవగట్టున జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ముసలితల్లి చేత మట్టి మోయిస్తున్నావని టీకొట్టు దగ్గర ఎవరో కొడుకు ఎర్గాష్‌ను ఎత్తిపొడిచారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆమె పార అటకెక్కించి, కూలీలను మాట్లాడాడు.

"ఇక చాలమ్మా, కూర్చో. నలుగురూ నన్నంటున్నారు."

"ఆ నలుగురూ వచ్చి కప్పుతారా చెట్లు?" అంది గానీ, కొడుకు మొహం చూసి ఊరుకుంది.

చెయ్యి అతుక్కుంది. పార మాత్రం కిందికి దిగలేదు. ఒయ్‌షా అరుగు మీద కూర్చునేది. పలావు రుచి చూడమని నిగోరా గరిటె అందిస్తే, "బాగానే ఉంటుందిలే" అనేది, ముట్టకుండానే. అమ్మ నెమ్మదించిందని ఎర్గాష్ చెల్లెళ్ళ దగ్గర మురిసిపోయాడు. నిగోరాకు మాత్రం అత్త తిట్టకపోవడం దిగులుగా ఉండేది.

చలి పోయాక ఓ సాయంత్రం ఎర్గాష్ మట్టిబూట్లతో వస్తే ఒయ్‌షా అడిగింది.

"చెట్లు తీశారా?"

"మొన్ననే అయిపోయిందమ్మా."

"నన్నొకసారి పిలవకపోయావా నాయనా."

"ఆ దుమ్ములో నీకేం పని?" అని నవ్వేసి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆమె మళ్ళీ తోట ఊసెత్తలేదు.

దానిమ్మలు పూతకొచ్చిన రోజుల్లో, నిద్రలోనే కన్నుమూసింది. జనాజా మోయడానికి ఊరంతా కదిలింది. తల్లిని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకున్నాడని, కొడుకంటే ఇలా ఉండాలని పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఎర్గాష్ భుజం తట్టారు. నన్నొకసారి పిలవకపోయావా అన్న అమ్మ మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది, కాదని చెప్పబోయాడు. తల వంచుకుని, వాళ్ళ కప్పుల్లో టీ పోస్తూ ఉండిపోయాడు.